తక్కువ ఖర్చులో మానసిక కౌన్సెలింగ్: విజయవాడ, గుంటూరు వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి, ఏమని అడగాలి

ప్రైవేటు కౌన్సెలర్ దగ్గర గంట కూర్చుంటే వందల్లో ఫీజు. పైగా ఒక్కసారితో తేలే వ్యవహారం కాదు, వారానికోసారి చొప్పున నెలా రెండు నెలలు వెళ్ళాల్సి రావచ్చు. బీసెంట్ రోడ్డు బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయికో, ఆటో కిస్తీ కట్టుకుంటున్న మనిషికో, మిర్చి యార్డులో కూలికి వెళ్ళే కుటుంబానికో ఆ లెక్క వినగానే 'మనవల్ల కాదులే' అనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు.

నిజానికి ఈ రెండు ఊళ్ళలోనూ డబ్బు లేకుండానో, చాలా తక్కువకో ఈ సాయం దొరుకుతుంది. కాకపోతే దొరికే చోట్లలో ఎక్కువ వాటికి బయట 'మానసిక కౌన్సెలింగ్' అని బోర్డు ఉండదు. ఒకటి పెద్దాసుపత్రి ఓపీలో ఒక గది. ఒకటి ఆడవాళ్ళ కేంద్రం. ఒకటి పిల్లల సంస్థ. ఇంకొకటి ఫోన్ నంబరు. మీ ఇబ్బందికి వీటిలో ఏది సరిపోతుందో, వెళ్ళాక ఏమని అడగాలో ముందే తెలుసుకుంటే తిరుగుడు చాలా తగ్గుతుంది.

మొదట చూసుకోవాల్సింది: ఇది ఆగే విషయమేనా?

మనిషి చచ్చిపోతానంటున్నా, దానికి ఏర్పాట్లు చేసుకుంటున్నట్టు అనుమానం వచ్చినా కౌన్సెలర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. లేదా నేరుగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు ఉంటే అక్కణ్ణుంచి తీసెయ్యండి. పొలాలున్న మన వైపు ఇళ్ళలో ఈ పని ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

'చచ్చిపోవాలనిపిస్తోందా' అని సూటిగా అడగటానికి జనం భయపడతారు, లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని. అలా ఏమీ కాదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుని మనసులో మాట చెబుతారు. ఇంకో భయం పోలీసు కేసు గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి. వైద్యం, పునరావాసం అందించటం ప్రభుత్వ బాధ్యత. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళటం ఆలస్యం చెయ్యకండి.

ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించటం, నాలుగైదు రోజులుగా కంటి మీద కునుకు లేకుండా తిరుగుతుండటం, బాలింత బిడ్డను పట్టించుకోకుండా వింతగా ప్రవర్తించటం లాంటివి ఉంటే కౌన్సెలింగ్ సంగతి తర్వాత. ముందు డాక్టరు చూడాలి. ఇలాంటప్పుడు గాలి సోకిందని తాయెత్తులు కట్టించి వారాలు పోగొట్టుకుంటే, తేలిగ్గా తగ్గేది ముదురుతుంది.

ఎవరు ఏం చేస్తారు

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు, అవసరమైతే పరీక్షలు పెడతారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఇంటి పరిస్థితి, ఉద్యోగం, పథకాలు, కుటుంబంతో మాట్లాడటం చూస్తారు. కౌన్సెలర్ అనే మాట మాత్రం వదులుగా వాడేస్తున్నారు. ఎమ్మెస్సీ సైకాలజీ చదివినవాళ్ళూ ఆ బోర్డు పెడతారు, పది రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్ళూ పెడతారు.

మీకు ఎవరు కావాలో మీరే తేల్చుకోనక్కర్లేదు. అది చెప్పించుకోవటానికే ముందు ఒక ఫోన్ చెయ్యాలి.

14416కి ఫోన్ చెయ్యండి

ఇది టెలీ మానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రోజంతా పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు. అవసరమనుకుంటే పై స్థాయి నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గర్లో ఎక్కడ చూపించుకోవాలో చెబుతారు.

చాలామంది ఫోన్ చేసి, అవతలి గొంతు వినగానే కట్ చేసేస్తారు. మొదటి వాక్యం కాగితం మీద రాసుకుని చదవండి, తప్పేమీ లేదు. "నేను గుంటూరు నుంచి మాట్లాడుతున్నానండి. మూడు నెలలుగా నిద్ర లేదు, ఊరికే గుండె దడగా ఉంటోంది. మందులు వాడాలో, కౌన్సెలింగ్ చాలో తెలియటం లేదు." ఇంత చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు. ఇంట్లో నలుగురి మధ్య మాట్లాడలేకపోతే డాబా మీదికో, కాలవ గట్టు వైపో వెళ్ళి మాట్లాడండి. ఫోన్ పెట్టేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "మా ఊళ్ళో నేను ఏ ఆసుపత్రికి, ఏ విభాగానికి వెళ్ళాలి?" జవాబు రాసుకోండి.

కొందరికి ఫోన్ కౌన్సెలింగే సరిపోతుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకునేవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీ

నా ఉద్దేశంలో డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు వెళ్ళాల్సిన అసలు చోటు ఇదే. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి గుంటూరు మెడికల్ కాలేజీకి, విజయవాడది సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధం. బోధనాసుపత్రులు కాబట్టి మానసిక వైద్య విభాగం ఉంటుంది. చూసినందుకు ఫీజు లేదు, మందులు కూడా లోపలే ఉచితంగా ఇస్తారు. విజయవాడలో పాత ఆసుపత్రి, కొత్త ఆసుపత్రి అని రెండు ప్రాంగణాలున్నాయి. హనుమాన్‌పేట పాత ఆసుపత్రి దగ్గర దిగి తిరగొద్దు, గుణదల వైపున్న కొత్త ఆసుపత్రికి వెళ్ళండి.

రెండు ఊళ్ళకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. అక్కడా సైకియాట్రీ విభాగం ఉంది, ఓపీ రుసుము నామమాత్రం. ఆన్‌లైన్‌లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. చినకాకాని ఎన్నారై లాంటి ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ ఓపీ ఖర్చు మామూలు ప్రైవేటు క్లినిక్కు కంటే తక్కువే ఉంటుంది.

ఇక వెళ్ళే పద్ధతి. ఓపీ పొద్దుటి పూటే, కాబట్టి పెందలాడే వెళ్ళండి. ఆధార్, ఫోన్ దగ్గరుంచుకోండి. కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆభా నంబరుతో (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) టోకెన్ తీసుకునే పద్ధతి వచ్చింది, అది తెలిస్తే లైన్లో నిలబడే బాధ తగ్గుతుంది. చీటీ రాసే మనిషి 'ఏ ఓపీ?' అని గట్టిగా అడుగుతారు. వెనక పదిమంది ఉండగా 'సైకియాట్రీ' అనటానికి నోరు రాక, 'జనరల్' అని చెప్పి వేరే గది ముందు కూర్చునేవాళ్ళు ఉంటారు. అందుకని చిన్న కాగితం మీద 'సైకియాట్రీ ఓపీ' అని రాసుకెళ్ళి చూపించండి. మాట్లాడాల్సిన పనే ఉండదు.

లోపల డాక్టరుకు మీ కోసం దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో ఏడుపొచ్చి అసలు సంగతి చెప్పకుండా బయటికి రావటం మామూలే. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం, ముందు రోజు రాత్రి ఒక పేజీ రాసుకోవటం. అందమైన భాష అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"ఫిబ్రవరి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. అన్నం సగానికి సగం తగ్గింది. షాపులో లెక్కలు తప్పుతున్నాయి, ఓనరు తిట్టారు. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, వేరే మందులు లేవు. అమ్మమ్మకు కూడా ఇలాగే ఉండేదట. చచ్చిపోతే బాగుండనిపించింది, ఏమీ చేసుకోలేదు. అప్పు సంగతి ఇంట్లో తెలియదు."

ఈ పేజీ డాక్టరు చేతికివ్వండి. ఎప్పటినుంచి, నిద్ర, తిండి, పని, వాడుతున్న మందులు, ఇంట్లో ఎవరికైనా ఉందా, చావు ఆలోచనలు. డాక్టరు అడగబోయేవి ఇవే, మీరు ముందే చెప్పినట్టవుతుంది. తాగుడు అలవాటు ఉంటే దాచకండి. మందుల సంగతి దాని మీద ఆధారపడి ఉంటుంది.

చివర్లో తప్పకుండా ఈ మాట అనండి: "మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా కావాలండి. క్లినికల్ సైకాలజిస్టు గారు ఏ రోజుల్లో ఉంటారు?" మీరు అడగకపోతే రద్దీలో చీటీ రాసి పంపించేసే అవకాశమే ఎక్కువ. సైకాలజిస్టు ఉండే రోజు, గది నంబరు చీటీ వెనకే రాయించుకోండి.

తెనాలి లాంటి చోట్ల ఉన్నవాళ్ళు ముందు అక్కడి ప్రభుత్వాసుపత్రిలోనే అడగండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి నడుస్తోంది. పెద్దాసుపత్రి దాకా రాలేనివాళ్ళకు దగ్గర్లోనే ఈ వైద్యం అందించాలన్నదే దాని ఉద్దేశం. మానసిక వైద్య బృందం ఏ రోజు వస్తుందో మీ పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో అడిగినా కనుక్కుని చెప్పగలరు.

మీ సమస్యను బట్టి వేరే చోట్లు

*ఇంట్లో కొట్టటం, వేధింపులు.* 181 మహిళా హెల్ప్‌లైన్. దానితో పాటు జిల్లాకొక వన్ స్టాప్ సెంటర్ ఉంది, సఖి కేంద్రం అని కూడా అంటారు. ఈ పథకం 2015లో వచ్చింది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల వసతి, అన్నీ ఒకేచోట, ఉచితంగా. విజయవాడ బెంజ్ సర్కిల్ ప్రాంతంలోని వాసవ్య మహిళా మండలి 1969 నుంచి ఆడవాళ్ళ, పిల్లల సమస్యల మీద పనిచేస్తోంది. అలాంటి సంస్థకు ఫోన్ చేసి ప్రస్తుతం ఏ సేవలున్నాయో అడగటం మంచిది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కౌన్సెలింగ్ పేరుతో భార్యాభర్తల్ని పక్కపక్కన కూర్చోబెట్టి 'సర్దుకుపోండమ్మా, పిల్లలున్నారు కదా' అని పంపించేసేవాళ్ళు ఉన్నారు. దెబ్బలు తింటున్న మనిషి, కొట్టేవాడి ఎదురుగా నిజం చెప్పలేకపోతుంది. చెబితే ఆ రాత్రి ఇంట్లో ఇంకా తింటుంది. అందుకని "ముందు నాతో విడిగా మాట్లాడండి" అని అడగండి. ఒప్పుకోకపోతే వేరేచోటికి వెళ్ళండి. అది మీ హక్కు.

*పిల్లలు.* 1098 చైల్డ్ హెల్ప్‌లైన్. ఇల్లు వదిలి వచ్చిన, వీధిన పడ్డ పిల్లల కోసం విజయవాడలో నవజీవన్ బాలభవన్ 1989 నుంచి ఉంది. చదువు ఒత్తిడి, హాస్టల్ బెంగ అయితే కాలేజీనే ముందు అడగాలి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరును గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కరును గానీ పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రంలోనే ఒక విద్యార్థిని మరణం కేసులో వచ్చింది. ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన ఈ ఊళ్ళలో తల్లిదండ్రులు అడ్మిషన్ రోజునే "మీ కౌన్సెలర్ ఎవరు, పిల్లలు ఎప్పుడు కలవొచ్చు" అని అడగాలి. ర్యాంకుల గురించి అడిగినంత మామూలుగా అడగాలి.

*తాగుడు, గంజాయి.* 14446 జాతీయ హెల్ప్‌లైన్. రోజూ బాగా తాగే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రి పర్యవేక్షణలోనే మాన్పించాలి. మానేశాక నిలబడటానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూర్చునే బృందం) సమావేశాలు చాలామందికి ఉపయోగపడతాయి. వాటికి ఫీజు ఉండదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. గదిలో పెట్టి తాళం వేసి, ఇంటివాళ్ళను చూడనివ్వని 'డీ అడిక్షన్ సెంటర్ల' జోలికి మాత్రం పోకండి.

*వయసు మీదపడినవాళ్ళు.* 14567 ఎల్డర్ లైన్.

*ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళు.* నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో షాపులో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలో చాలామందికి కార్డు ఉంటుంది, వాడరు. విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మీ డిస్పెన్సరీకి వెళ్ళి మానసిక వైద్యానికి రిఫరల్ అడగండి.

*విడాకులు, భరణం, ఆస్తి గొడవలతో మనసు పాడైనవాళ్ళు.* జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, 15100. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. కోర్టు టెన్షన్ తగ్గితేనే కౌన్సెలింగ్ ఒంటబట్టే పరిస్థితి కొందరిది.

స్వచ్ఛంద సంస్థకు ఫోన్ చేసినప్పుడు

'కౌన్సెలింగ్ ఉందా' అని అడిగితే 'ఉంది, రండి' అంటారు. వెళ్ళాక అది హెచ్ఐవీ కౌన్సెలింగో, కెరీర్ కౌన్సెలింగో అని తేలుతుంది. బస్సెక్కే ముందే అన్నీ తేల్చుకోండి:

"నమస్కారమండి. మా చెల్లికి డెలివరీ అయినప్పటినుంచి దిగులుగా ఉంటోంది. మీ దగ్గర మానసిక సమస్యలకు కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారండి, వారానికి రెండు రోజులొస్తారు."

"ఆ కౌన్సెలర్ గారు ఏం చదివారండి? ఒక్కో సిట్టింగ్ ఎంతసేపు? అదే మనిషి మళ్ళీ మళ్ళీ చూస్తారా, మారుతుంటారా?"

"అదే మేడమ్ చూస్తారండి. ముప్పావుగంట."

"ఫీజు ఎంతండి? మా బావగారిది రోజు కూలి. తెల్ల కార్డు ఉంది, తగ్గించే వీలుందా?"

ఈ చివరి ప్రశ్న దగ్గర మొహమాటం వద్దు. చాలా సంస్థల్లో స్తోమతను బట్టి ఫీజు తగ్గిస్తారు, కొన్నిచోట్ల మొత్తం వదిలేస్తారు, కానీ అడిగినవాళ్ళకే. ప్రైవేటు సైకాలజిస్టుల్లో కూడా వారానికి కొన్ని గంటలు తక్కువ ఫీజుకు కేటాయించేవాళ్ళుంటారు. 'నేను ఇంతే ఇచ్చుకోగలను' అని అంకె చెప్పి అడగండి.

చదువు సంగతి ఎందుకంటారా? క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. దాన్ని ఆ కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. కౌన్సెలరైతే సైకాలజీలోనో సోషల్ వర్కులోనో పీజీ, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అన్నవి అడగండి. సరైనవాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. 'ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తా', 'డాక్టరు మందులు ఆపెయ్', 'పది సిట్టింగుల డబ్బు ముందే కట్టు', 'మా ప్రార్థనకు వస్తేనే, మా దీక్ష తీసుకుంటేనే' అన్న మాటలు వినిపిస్తే లేచి వచ్చెయ్యండి.

మొదటి సిట్టింగ్, ఆ తర్వాత

మొదటిసారి ఎక్కువగా ప్రశ్నలే అడుగుతారు. బయటికొచ్చాక 'ఇంతేనా' అనిపిస్తుంది, కొందరికి పాతవన్నీ కదిలి ఇంకా బరువుగా ఉంటుంది. రెండూ మామూలే. మూడు నాలుగు సార్లు వెళ్ళి చూడండి. అప్పటికీ ఆ మనిషి మీ మాట వినకుండా నీతులు చెబుతున్నా, మీ కులం, మతం, పెళ్ళి గురించి వ్యాఖ్యలు చేస్తున్నా కౌన్సెలర్ని మార్చమనండి. డాక్టరు నచ్చకపోతే వైద్యమే వద్దనుకోం కదా, వేరే డాక్టరు దగ్గరికి వెళ్తాం.

మీ విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. దానికీ హద్దులున్నాయి. మీ ప్రాణానికో వేరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నా, పిల్లల మీద లైంగిక వేధింపుల సంగతి బయటపడినా చెప్పక తప్పదు. మొదటి రోజే "మా ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే ఏం చెబుతారు?" అని అడిగి స్పష్టం చేసుకోండి.

మందులు రాస్తే, వాటిలో చాలావాటి గుణం తెలియటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగుందని మీ అంతట మీరు ఆపకండి. బయట కొనాల్సి వస్తే జన ఔషధి దుకాణంలో అడగండి, జనరిక్ మందుల ధర బాగా తక్కువ.

రానూపోనూ ఛార్జీలు కూడా లెక్కే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుంటూరు నుంచి మంగళగిరి వెళ్ళినా, విజయవాడ వెళ్ళినా ఆధార్ చూపిస్తే చాలు. మగవాళ్ళకు కూలి పోతుందనే బాధ ఎక్కువ. వాళ్ళు ఒక సిట్టింగ్ ఎదురుగా, ఒకటి ఫోన్లో పెట్టమని అడగొచ్చు.

ఇంట్లో ఒప్పుకోకపోతే మనోవ్యాధి గురించి వాదన పెట్టుకోకండి. 'నిద్ర పట్టటం లేదు, డాక్టరుకు చూపించుకుంటా' అంటే ఎవరూ కాదనరు, అబద్ధమూ కాదు. మీ వైపు మాట్లాడే మనిషిని ఒకరిని, పిన్నినో మేనమామనో, ముందే చూసుకుని తోడు తీసుకెళ్ళండి.

ఓపీ చీటీలు, మందుల కాగితాలు, సైకాలజిస్టు ఇచ్చిన రిపోర్టులు అన్నీ తేదీల వారీగా ఒక కవర్లో పెట్టండి. ఊరు మారినా, ఫోన్లో నిపుణులకు చెప్పాల్సి వచ్చినా అవే ఆధారం. జబ్బు ఏళ్ళ తరబడి ఉండి పని చేసుకోలేని స్థితి అయితే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. సచివాలయంలో సదరం (వైకల్యం ఎంతో తేల్చే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేయించి, ఈ కవరుతో వైద్య శిబిరానికి వెళ్ళండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందని ధ్రువపత్రం వస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు.